మీటర్ తిరగని గంట

ఐలన్న నడిపే తెల్ల అంబాసిడర్ నర్సాపూర్ రోడ్డు మీద పేలిపోయినప్పుడు అందరూ ఒకే మాట అన్నారు: గ్యాస్ కిట్. ఇంటి సిలిండర్‌ను డిక్కీలో పెట్టుకుని తిరిగే బండ్లు ఆ రోజుల్లో ఊరూరా ఉండేవి. పోలీసులు అదే రాసుకున్నారు. పేపర్లో అదే వచ్చింది. ఐలన్న భార్య కూడా అదే నమ్మి, చచ్చిన మొగుణ్ణి తిట్టుకుంటూ ఏడ్చింది. వెనక సీట్లో కూర్చున్న కుర్ర ఇంజినీరు గురించి మాత్రం ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. అతను పనిచేసే ప్రాజెక్టు పేరు 'తంగేడు'. ఆ పేరు పైకి అనకూడదు.

ఢిల్లీలో గూఢచారి విభాగం ఆఫీసులో ఫొటోలు చూసి నర్సింలు ఒక్కడే ఇంకో మాట అన్నాడు.

"సార్, ఇది డీజిల్ బండి. డీజిల్ బండికి గ్యాస్ ఎవడు పెడతడు?"

చీఫ్ కామేశ్వరరావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఈ ప్రశ్న అడిగేవాడి కోసమే చూస్తున్నానయ్యా. రేపట్నుంచి నువ్వు డ్రైవర్‌వి."

అట్లా 2003 చలికాలంలో నర్సింలు, అంటే ఏజెంట్ ఎన్-సెవెన్, ఖాకీ చొక్కా తొడుక్కుని, యాదన్న అనే పేరుతో, ఐలన్న పనిచేసిన, సంగారెడ్డి పక్కనున్న రక్షణ ప్రయోగశాల డ్రైవర్ల షెడ్డులో చేరాడు. మారువేషానికి మీసం అంటించుకునే పని పడలేదు. జోగిపేట పక్క పల్లెలో పుట్టినవాడు. పదిహేనేళ్లు ఢిల్లీలో మడతపెట్టి దాచుకున్న యాసను దులిపి తీస్తే చాలు. చేతిలో మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్. పై గిన్నెలో జొన్నరొట్టె, నడిమి గిన్నెలో రివాల్వర్, అడుగు గిన్నెలో వైర్‌లెస్.

ఆ క్యారియర్ వల్లే సత్తయ్య దోస్తయ్యాడు. పాతికేళ్లుగా స్టీరింగ్ పట్టిన మనిషి. కొత్తగా వచ్చిన యాదన్న రోజూ పై గిన్నె ఒక్కటే తెరిచి ఒట్టి రొట్టె నమలడం, మిగతా గిన్నెలు ముట్టకపోవడం చూశాడు. పాపం, కూర లేదు, ఖాళీ గిన్నెలు ఇజ్జత్ కోసం మోస్తున్నాడు అనుకున్నాడు. తన గోంగూరలో సగం తీసి అతని రొట్టె మీద వేశాడు. ఆ రోజు నుంచీ మూడు నెలలు, రోజూ సగం.

ఐలన్న పోవడానికి కొన్ని నెలల ముందే షెడ్డులోని బండ్లన్నిటికీ నల్ల పెట్టెలు వచ్చాయి. 'ఓర్విక్ ఫ్లీట్ సేఫ్టీ' అనే విదేశీ కంపెనీ, డ్రైవర్ల మంచికేనంటూ పైసా తీసుకోకుండా బిగించింది. సబ్బు డబ్బాంత పెట్టె. మీటర్ వైరు దాని గుండా పోతుంది. చక్రం ఎన్ని చుట్లు తిరిగింది, ఎక్కడ గట్టిగా బ్రేక్ పడింది, ఎంతసేపు నిలబడింది అన్నీ రాసుకుని సెల్ టవర్ ద్వారా చేరవేస్తుంది. చక్రం ఆగితే నిద్రపోతుంది.

"ఏడ ఆగినవ్, ఎందుకాగినవ్, గంతసేపు ఏం చేసినవ్," మొగులయ్య అనే డ్రైవరు ఉమ్మేశాడు. "నా పెండ్లాం గూడ గిన్ని అడగదుర బయ్."

"పెండ్లాం అడిగితే అబద్ధమన్న చెప్పొచ్చు," అన్నాడు సత్తయ్య. తర్వాత నర్సింలు వైపు వంగి, గొంతు తగ్గించి విద్య నేర్పాడు. "గేర్‌బాక్స్ కాడ వైరు పీకాలె, యాదన్నా. చక్రం తిరుగుతది, పెట్టె పంటది. కని ఒకటి యాదికుంచుకో. పీకిన కాడ్నే మళ్ల పెట్టాలె. రోడ్డు ఎంతుందో ఆఫీసుకు ఎరుకే. ఇంకోకాడ పెడితే లెక్క తప్పుతది, దొరుకుతవ్."

నర్సింలు నవ్వాడు. తాను ఎన్నడూ పీకలేదు. దొంగ డ్రైవర్ కదా, నిజం డ్రైవర్ల కన్నా నిజాయితీగా ఉండాల్సి వచ్చింది.

ఒక గురువారం పొద్దున పటాన్‌చెరు బస్టాండు వెనక, టైర్లు రీట్రెడింగ్ చేసే షాపు ముందు ఒక ఎర్ర కారు ఆగింది. నల్లద్దాలు, పలుచని నీలం చీర, రబ్బరు వాసనను కూడా ఓడించే సెంటు. దిగిన మనిషి కమలాకుమారి, ఓర్విక్ కంపెనీ మార్కెటింగ్ మేనేజర్.

"పాత టైరుకు కొత్త రబ్బరు పడుతుందా?" అని అడిగింది.

"లోపల గట్టిగుంటే పడుతది," అన్నాడు నర్సింలు.

కోడ్ సరిపోయింది. షాపు వెనక గదిలో కామేశ్వరరావు లేచి నిలబడ్డాడు. రెండేళ్లుగా ఆమె ఓర్విక్ లోపలి కబుర్లు ఇతనికి చెప్తోంది. ఇతని కబుర్లు ఓర్విక్‌కు కూడా చెప్తోందని చీఫ్ అనుమానం. అందుకే ఆమె మాటల్లో సగమే నమ్మేవాడు. ఏ సగమో తెలియకే జుట్టు నెరిసింది.

"నిన్న సర్వీసింగ్ పేరుతో ఒక కారు పెట్టె మార్చారు," కమల ల్యాప్‌టాప్ తెరిచింది. "సత్తయ్య నడిపే కారు. కొత్త పెట్టెలో బాంబు ఉంది."

ఆ కారులో ఆ పొద్దున బయల్దేరింది డాక్టర్ రామలింగేశ్వరరావు. తంగేడు ప్రాజెక్టుకు తలకాయ. ఒడిలో స్టీల్ పెట్టె, అందులో క్షిపణికి కన్ను లాంటి పరికరం. దేశం మొత్తంలో అది ఒక్కటే ఉంది. బేగంపేట ఎయిర్‌పోర్టులో విమానం కాచుకుని ఉంది. ఎస్కార్ట్ పెడితే నలుగురి కంట్లో పడుతుందని చీఫే వద్దన్నాడు.

"జామర్ వేద్దాం," అన్నాడు చీఫ్.

"దాన్ని పేల్చేది రేడియో కాదండీ, చక్రమే. ల్యాబ్ గేటు దాటినప్పటి నుంచి వెనక్కి లెక్క. సున్నాకు వస్తే పేలుతుంది. సున్నా ఎక్కడ పడుతుందో తెలుసా? హైవే పక్కన సాల్వెంట్ ట్యాంకర్లు నిలబెట్టే యార్డు ఉంది చూడండి, సరిగ్గా అక్కడ. రేపు పేపర్లో కెమికల్ ప్రమాదం అని వస్తుంది. పటాన్‌చెరులో అదేం వింత?"

"ఇప్పుడు అంకె ఎంత?"

ఆమె తెర తిప్పింది. రెండు వందల మీటర్లు. కదలడం లేదు.

"యార్డు అంచుకు వచ్చి ఆగిపోయింది. చాలాసేపయింది. ఎందుకాగిందో నాకూ తెలీదు, మా బాస్ వాల్డెన్‌కూ తెలీదు. ఆయన హోటల్లో పిచ్చెక్కి తిరుగుతున్నాడు."

బాంబు తీసేవాళ్లు సిటీ నుంచి రావడానికి గంట పైనే పడుతుంది. చీఫ్ నర్సింలును పక్కకు లాగి చెవిలో అన్నాడు: "ఆ అమ్మాయి చెప్పింది నిజమైతే పరుగెత్తు. అబద్ధమైతే ఆమెను జీపు దిగనివ్వకు."

జీపు యార్డు చేరేసరికి అక్కడ కారు లేదు.

రెండు వరసల ట్యాంకర్లు, వాటి మధ్య నూనె తాగి నల్లబడ్డ మట్టి. ఒక ట్యాంకరు నీడలో గోనెసంచి పరిచి ఉంది. దాని మీద ఎవరో వెల్లకిలా పడుకుని లేచిన ముడతలు. నర్సింలు వంగి ఆ సంచి కొస ఎత్తి చూశాడు.

"వైరు పీకిండు," అన్నాడు. "కారు ఆగలే. పెట్టె నిద్రపోయింది. సత్తన్న బండి ఎటో తీస్కపోయిండు."

"అంటే?"

"అంటే తిరిగొచ్చేటప్పుడు వైరు పెడతడు. ఏడ పెడితే ఆడికెల్లి రెండు వందల మీటర్లు. బడి ముందట పెడతడో, సంతల పెడతడో!"

రోడ్డుకవతల చాయ్ హోటల్లో మొగులయ్య కనపడ్డాడు. ల్యాబ్ వ్యాన్ పక్కకు ఆపి సాసర్లో చాయ్ ఊదుకుంటున్నాడు. నర్సింలు పరుగెత్తాడు.

"మొగులన్నా, సత్తన్న ఏడికి పోయిండే?"

మొగులయ్య అతన్ని చూశాడు. గవర్నమెంటు జీపును చూశాడు. జీపులో నల్లద్దాల ఓర్విక్ మేడమ్‌ను చూశాడు. ముఖం తలుపేసినట్టు మూసుకుంది.

"ఓహో యాదన్నా. పెట్టెల మేడమ్ తోని తిరుగుతున్నవా? మంచిగుంది. సత్తన్న గోంగూర తినుకుంట ఇదా నువ్వు చేసే పని?"

"అన్నా, దండం పెడత. ఆయన పానం పోతది."

"మేడమ్ మిషిన్ల చూస్కోరాదు? బండి ఏడ ఆగిందంటుంది?"

"గిక్కడ్నే అంటుంది."

"గట్లయితే గిక్కడ్నే ఉంటది. పో." మొగులయ్య సాసర్ ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

రివాల్వర్ తీస్తే చెప్తాడా? చెప్పడు. షెడ్డులో ఒకడి దారి ఇంకొకడు చెప్పడం అనేది లేదు. పెట్టెలు వచ్చాక ఆ కట్టు ఇంకా బిగిసింది. నర్సింలు సెల్‌ఫోన్ తీసి డాక్టరు ఇంటికి కొట్టాడు. ఆయన భార్య కనకమహాలక్ష్మి ఎత్తింది.

"అమ్మా, సారు దారిల ఏడనన్న ఆగుతరా? దోస్తుల ఇంట్ల, గుడికాడ?"

"ఆయనకు దోస్తులేమిటండీ! ఇల్లు, ల్యాబు అంతే. ఈమధ్య తిండి కూడా మానేశారు. ఉప్పు వద్దంటారు, నూనె వద్దంటారు, చప్పటి మజ్జిగన్నం తప్ప ముట్టరు. బీపీ అంటారు. ఇవాళయితే కాఫీ కూడా తాగకుండా పోయారు. పోయిన గురువారం కూడా అంతే. ఏం, ఏమైనా అయిందా అండీ?"

నర్సింలు ఫోన్ పెట్టేశాడు. గురువారం. పరగడుపు. ఉప్పు బంద్. ఎనిమిదేళ్ల వయసులో పచ్చటి కండ్లతో తల్లి చంకనెక్కి తానూ పోయాడు పసరు మందు పోసే ఇంటికి. కామెర్లు! ఆఫీసు డాక్టరుకు చెబితే మంచానికి కట్టేస్తారు, ప్రయోగం ఇంకొకడి చేతికి పోతుంది. పదేళ్ల చాకిరీ. అందుకని దేశంలోకెల్లా పెద్ద సైంటిస్టు ఎవరికీ తెలియకుండా పసరు తాగుతున్నాడు. కారు డ్రైవరు వైరు పీకి ఆ రహస్యాన్ని కాపాడుతున్నాడు.

నర్సింలు మళ్లీ మొగులయ్య దగ్గరికి వచ్చాడు. ఈసారి సత్తయ్య పేరెత్తలేదు.

"అన్నా, మా తమ్మునికి కామెర్లయినయి. ఈడ పసరు ఎవరు పోస్తరే?"

రోగం మాట వస్తే దాచేవాడు ఆ రోడ్డు మీద లేడు. "కిష్టారెడ్డిపేట ఆగమ్మ," అన్నాడు మొగులయ్య వెంటనే. అన్నాక నాలిక కరుచుకున్నాడు. అప్పటికే జీపు దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగింది.

కొత్త ప్లాట్లకు పాతిన తెల్లరాళ్ల మధ్య నుంచి జీపు ఎగిరెగిరి పడుతోంది. కమల ఒళ్లో ల్యాప్‌టాప్ అదుముకుని కూర్చుంది. అంకె కదలడం లేదు.

"నేను చెప్పింది నమ్మారా?" అని అడిగింది.

"సగం."

"అయితే ఎందుకు పరుగెత్తుతున్నారు?"

"మిగిలిన సగం నిజమైతే ఆయన చస్తడు గద!" నర్సింలు గేరు మార్చాడు. "మూడు నెల్లు నాకు కూర లేదనుకోని పెట్టిండు."

ఆమె నల్లద్దాలు తీసేసింది. కండ్ల కింద నల్లటి చారలు. చాలా రోజులుగా నిద్రపోని మనిషి.

ఆగమ్మ ఇంటి అరుగు మీద జనం బారులు తీరి కూర్చున్నారు. అందరి కండ్లూ పచ్చగా ఉన్నాయి. ముసలామె రోట్లో ఆకు దంచుతోంది.

"అవ్వా, అంబాసిడర్ కారుల ఒక సారు వచ్చిండా?"

"ఎవరొచ్చిండ్రో నేను చెప్పను బిడ్డా. చెప్తే మందు పారది."

"అవ్వా, ఆ బండిల బాంబున్నది!"

"బాంబుంటే నువ్వు చూస్కో. మందు నేను చూస్కుంట." ఆగమ్మ రోకలి ఆపలేదు. అరుగు మీద జనం నోళ్లు తెరిచి చూస్తున్నారు. నర్సింలు ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. జీవితంలో ఎన్నో తాళాలు తీశాడు, ఇంత గట్టి తాళం చూడలేదు. కండ్లలో నీళ్లు తిరిగాయి.

ముసలామె అతని ముఖం చూసింది. తర్వాత రోటితోనే మాట్లాడుతున్నట్టు అన్నది: "నేనేం చెప్పలే. ఇంటెనక బాట మీద దుమ్ము ఇంక లేస్తనే ఉన్నట్టుంది."

ఇంటి వెనక బండ్లబాట. దూరంగా హైవే వైపు మట్టి మబ్బు. కారు వేరే దారిన వెనక్కి మళ్లింది. దాన్ని పట్టుకోవడం అయ్యే పని కాదు. ఎక్కడ ఆగుతాడు? ఎక్కడ వైరు పెడతాడు?

మొగులయ్య మాట చెంపదెబ్బలా తగిలింది. గట్లయితే గిక్కడ్నే ఉంటది, పో. దాని వెనకే సత్తయ్య గొంతు, గోంగూర వాసనతో సహా. పీకిన కాడ్నే మళ్ల పెట్టాలె.

"యార్డు!" నర్సింలు అరిచాడు. "ట్యాంకర్ల నడుమనే పెడతడు! ఆ గోనెసంచి మీదనే!"

జీపు తిరిగింది. నర్సింలు కాలు యాక్సిలరేటర్ మీద బిగుసుకుపోయింది. కాపు కాయాల్సిన చోటు దొరికి కూడా వదిలి వచ్చాడు. నిజం డ్రైవరయితే అక్కడే కూర్చుని చాయ్ తాగుతూ ఉండేవాడు.

యార్డులోకి దూసుకొచ్చేసరికి తెల్ల అంబాసిడర్ ట్యాంకర్ల వరసలో నిలబడి ఉంది. దాని కింది నుంచి సత్తయ్య కాళ్లు, నడుము, తల వరసగా బయటికొచ్చాయి. చేతిలో పానా. పని అయిపోయింది. వెనక సీట్లో డాక్టరుగారు స్టీల్ పెట్టెను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కునుకు తీస్తున్నారు.

"సత్తన్నా! ఆగు! బండి తియ్యకు!"

సత్తయ్య తలెత్తాడు. జీపులో యాదన్న కనపడ్డాడు. అతని పక్కన ఓర్విక్ మేడమ్ కనపడింది. అంతే. పాతికేళ్ల నౌకరీ కండ్ల ముందు గిర్రున తిరిగింది. ఒక్క దుంకు దుంకి సీట్లో పడి బండి లేపాడు.

"కదిలింది!" కమల కేక. "నూట ఎనభై! టవర్ నుంచి ఆలస్యంగా వస్తుంది, అసలు అంకె ఇంకా తక్కువే!"

నర్సింలు జీపును పక్క సందులోకి తిప్పి సమానంగా పరుగెత్తించాడు. ఒక్కో ట్యాంకరు దాటినప్పుడల్లా మధ్య ఖాళీలో తెల్ల కారు మెరిసి మాయమవుతోంది. ట్యాంకర్ల మీద ఎర్ర అక్షరాలు: నిప్పు ప్రమాదం.

"నూట ఇరవై!"

జీపు ఆపి దిగేయొచ్చు కదా అని అతనికి తోచింది. ఆమె కూడా దూకేయొచ్చు. దూకలేదు. అంకె చదువుతోంది.

వరస అయిపోయింది. రెండు బండ్లూ పక్కపక్కకు వచ్చాయి. నర్సింలు క్యారియర్ పై గిన్నె ఎత్తి రివాల్వర్ తీసి చూపించాడు. "ఆపు!" సత్తయ్య దాన్ని చూసి ఇంకా గట్టిగా తొక్కాడు. తుపాకి చూసి ఆగేది సర్కారు మనుషులు, ప్రాణభయమున్నవాడు ఉరుకుతాడు.

"యాభై!" కమల తెరను అతని వైపు తిప్పింది. "నర్సింలు గారూ, యాభై!"

ఏం చెబితే ఆగుతాడు? దేశం అంటే ఆగడు. బాంబంటే నమ్మడు. నర్సింలు రివాల్వర్‌ను కిందికి విసిరేశాడు. సగం ఒళ్లు జీపు బయటికి వంచి, చెయ్యి చాపి, గుండ్రంగా తిప్పి, కారు వెనక చక్రం వైపు వేలు చూపించాడు.

"సత్తన్నా! ఎనక టైరూ!"

సత్తయ్య మనసుకు ఆ మాట చేరిందో లేదో తెలియదు. కాలికి చేరింది. దొంగైనా, పోలీసైనా, శత్రువైనా టైరు చూపిస్తే ఆగాల్సిందే. పాతికేళ్ల కాలు బ్రేకు మీద పడింది. అంబాసిడర్ ముక్కు నేలకు వంచి, కీచుమని నిలబడింది.

సత్తయ్య తలుపు తెరిచి దిగి, వంగి టైరు చూశాడు. కాలితో తన్ని చూశాడు.

"గాలి మంచిగనే ఉంది గదనే?"

అప్పుడు కారు కదిలింది. యార్డు అక్కడ హైవే వైపు వాలు. ఆ అంబాసిడర్ హ్యాండ్‌బ్రేకు ఎన్నడో చచ్చిపోయింది. ఒక్క అడుగు జారింది. ఇంకో అడుగు. నర్సింలు చేతికి దొరికింది టిఫిన్ క్యారియర్. చక్రం కిందికి నెట్టాడు. మూడు గిన్నెలూ పటపటమని నలిగాయి, ప్రభుత్వపు వైర్‌లెస్ నుజ్జయింది, జొన్నరొట్టె పిండయింది. కారు ఆగింది.

కమల తెర చూసింది. రెండు చేతుల వేళ్లు ఎత్తి చూపించి, ఒక వేలు మడిచింది. తొమ్మిది.

నర్సింలు అక్కడే, మట్టిలో, రెండు ముక్కల్లో చెప్పాడు. సత్తయ్య ముఖం సున్నం కొట్టినట్టయింది. "ఐలన్న గూడ గిట్లనేనా?" అని ఒక్కటే అడిగాడు. నర్సింలు తలూపాడు. సత్తయ్య పానా తీసుకున్నాడు.

"నువ్వు జరుగు. నా వైరు నేనే పీకుత."

పీకాడు. బయటికొచ్చి పానాను మట్టిలో పడేసి, టైరుకు ఆనుకుని కూర్చున్నాడు.

డాక్టరుగారు ఈ గోలకు మేలుకుని, పచ్చటి కండ్లతో అందరినీ చూశారు. విషయం విన్నాక ఆయన మొదట అడిగింది బాంబు గురించి కాదు. "ఆగమ్మ సంగతి... మా ఆవిడకు తెలియనివ్వకండి. ఆఫీసుకైతే అసలు వద్దు. ఇది ఆఖరి మోతాదు."

విమానం గంట ఆలస్యంగా ఎగిరింది. వాల్డెన్‌ను మాత్రం ఎగరనివ్వలేదు. హోటల్ నుంచి పారిపోతుంటే ఎయిర్‌పోర్టు దారిలోనే పట్టుకున్నారు. అతని కారులో కూడా ఓర్విక్ పెట్టె ఒకటుంది, వారం కిందట కమలే బిగించింది. చక్రం తిరిగినంతసేపూ ఏ టవర్ కింద ఉన్నాడో చెబుతూ పోయింది. పాపం, తన కారు తానే నడుపుకునే దొర. వైరు పీకిపెట్టే డ్రైవరు లేడు.

కామేశ్వరరావు రిపోర్టు చదివి కళ్లజోడు పైనుంచి చూశాడు. "అంతా బాగుందయ్యా. ఆ గంటసేపు కారు ఎక్కడుంది?"

"టైరుకు గాలి చూస్కుంటున్నరు సార్."

"గంటసేపా?"

"నాలుగు టైర్లు గద సార్."

చీఫ్ కమల వైపు చూశాడు. ఆమె నల్లద్దాలు పెట్టుకుంది. "నేనూ అదే చూశాను," అంది. మొదటిసారి ఆమె మాట మొత్తం అబద్ధమని చీఫ్‌కు కచ్చితంగా తెలిసింది. మొదటిసారి ఆమెను పూర్తిగా నమ్మాడు.

ఈ పెట్టెలు భలే పనికొచ్చేట్టున్నాయని మెచ్చుకుని, సోమవారం కల్లా డిపార్టుమెంటు బండ్లన్నిటికీ మన దేశపు పెట్టెలే బిగించమని ఢిల్లీ ఆర్డరు వేసింది. మొదటిది నర్సింలు జీపుకే పెట్టారు. దాని రికార్డు ఇప్పటికీ ఫైల్లో భద్రంగా ఉంది. ఆ తర్వాతి గురువారం మధ్యాహ్నం, నర్సింలు సత్తయ్య ఇంట్లో కూర్చుని అన్నం తినే వేళకు, ఆ జీపు ట్యాంకర్ల యార్డు పక్కన కదలకుండా నిలబడి ఉందని అందులో స్పష్టంగా రాసి ఉంది.